కాఫీ మానేశాను సరే, ఇప్పుడు వేడివేడిగా ఏం తాగాలి?

నాలుగింటి_గుక్క
కాఫీ, టీ రెండూ మానేసి ఇవాళ్టికి 23 రోజులు. రోజుకి ఐదారు కప్పులు లాగించేదాన్ని. గుండె దడ, రాత్రి రెండింటిదాకా కళ్లు తెరుచుకుని పడుకోవడం, ఇవి భరించలేక మానేశాను. కాబట్టి "ఒక్క కప్పుకి ఏం కాదులే" బ్యాచ్ దయచేసి ఇటు రావద్దు. మొదటి వారం తలనొప్పితో నరకం చూశాను, అదీ పోయింది. నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది. సమస్య అది కాదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి చేతిలో వేడిగా ఒక కప్పు ఉండాలి, రెండు గుక్కలు తాగాక "హమ్మయ్య" అనిపించాలి. ఆ హమ్మయ్య దేంట్లోనూ రావట్లేదు. చామంతి టీ తాగితే ఎండుగడ్డి కడిగిన నీళ్లలా ఉంది. పుదీనా టీ తాగితే పళ్లు తోముకున్నట్టుంది. పళ్ల రుచుల టీ అని ఒక డబ్బా కొన్నాను, వాసన చూస్తే తోటలో నిలబడ్డట్టే ఉంది, నోట్లో పోసుకుంటే పుల్లటి వేణ్ణీళ్లు. వేడి పాలు తాగితే నిద్రొస్తోంది, నాలుగింటికి నిద్రపోతే నా ఉద్యోగం ఉండదు. మీలో మానేసినవాళ్లు ఏం తాగుతున్నారు? ఏది ఆరోగ్యమో నాకు అక్కర్లేదు, ఏది తృప్తిగా ఉంటుందో చెప్పండి.

ఆవిరిబండి
వేణ్ణీళ్లు. అలవాటైతే దాన్ని మించింది లేదు.

నాలుగింటి_గుక్క
మీకో దండం.

చేదుప్రియ
నేను మానేసి నాలుగేళ్లయింది, మొదటి ఆరు నెలలు మీలాగే డబ్బాలు డబ్బాలు కొని పారేశాను. తర్వాత అర్థమైంది ఏంటంటే మనం వెతికే చోటే తప్పు. మీరు తాగినవన్నీ ఒకసారి చూడండి. చామంతి, పుదీనా, పళ్లు. వీటిలో ఒక్కదాంట్లోనైనా చేదు ఉందా? వగరు ఉందా? వేయించిన వాసన ఉందా? కాఫీ తాగిన నాలుక అడిగేది ఆ మూడూ, పైన కాస్త చిక్కదనం. దానికి మీరు పువ్వులు ముంచిన నీళ్లు ఇస్తే అది ఎందుకు ఊరుకుంటుంది?

అసలు కాఫీ చేదులో కెఫీన్ వాటా కొద్దిగానే. ఎక్కువ చేదు గింజ వేగినప్పుడు పుట్టేదే, అందుకే కెఫీన్ తీసేసిన కాఫీ కూడా చేదుగానే ఉంటుంది. అంటే మీకు కావాల్సిన రుచి కెఫీన్ లేకుండా దొరుకుతుంది, వేయించినదాని దగ్గరికి వెళ్లాలంతే. వేయించిన చికోరీ మొక్క వేరు, వేయించిన బార్లీ, వేయించిన డాండెలియన్ అనే పసుపు పూల మొక్క వేరు. ఈ మూడింట్లో ఒకటి మీకు కచ్చితంగా పడుతుంది. చికోరీ అయితే డికాషన్ రంగు, డికాషన్ చిక్కదనం రెండూ వస్తాయి, పాలు పోసినా తేలిపోదు.

ఊరికే_చదివేవాణ్ణి
చికోరీ అంటే కాఫీలో కల్తీ కలిపేది కదా? దాన్నే విడిగా తాగమంటారా?

చేదుప్రియ
కల్తీకి వాడారు, నిజమే. కానీ అది కాఫీ దొరకనప్పుడు జనం కావాలని తాగింది కూడా. 1806లో నెపోలియన్ బ్రిటన్ సరుకు యూరప్‌లోకి రాకుండా అడ్డుకున్నప్పుడు కాఫీ కరువై ఫ్రాన్స్‌లో ఇళ్లిళ్లా చికోరీయే మరిగింది. కాఫీ మళ్లీ వచ్చాక కూడా కొందరు దాన్ని వదల్లేదు. బాగుండకపోతే వదిలేసేవాళ్లు కదా.

కెటిల్_మాస్టారు
ఇంత కష్టం ఎందుకండీ, డీకాఫ్ తాగండి, అదే, కెఫీన్ తీసేసిన కాఫీ. అదే గింజ, అదే వాసన, అదే కప్పు. వేర్లూ దుంపలూ వేయించుకోవాల్సిన ఖర్మ ఏంటి? మామూలు కాఫీ ఒక కప్పులో ఉజ్జాయింపుగా 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే డీకాఫ్‌లో చాలావరకు 2 నుంచి 5 ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవడం కూడా అనవసరం.

గడియారం_గుండె
లెక్కలోకి రాదని మీరన్నంత తేలిక కాదు మాస్టారూ. కొన్ని రకాల్లో కప్పుకి 10, 15 కూడా ఉంటుంది. పైగా డీకాఫ్ కదా అని నేను రోజుకి ఏడు కప్పులు తాగేవాణ్ణి, మళ్లీ దడ మొదలైంది. ఒక షాపులో డీకాఫ్ అడిగితే మామూలుది ఇచ్చారని కూడా నా అనుమానం, ఆ రాత్రి సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, అయినా తెల్లవార్లూ లెక్కపెట్టాను.

కెటిల్_మాస్టారు
ఏడు కప్పులు తాగితే వేణ్ణీళ్లకి కూడా దడ వస్తుంది.

ఆవిరిబండి
వేణ్ణీళ్లని అనకండి.

వంటింటి_కెమిస్ట్
డీకాఫ్ మీద నాదో మాట. బాగున్నవి ఉన్నాయి, బురద నీళ్లలాంటివీ ఉన్నాయి, తేడా చాలావరకు కెఫీన్ ఎలా తీశారన్నదాన్ని బట్టి. 1900ల మొదట్లో జర్మనీలో లుడ్విగ్ రోసేలియస్ అనే వ్యాపారి దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టినప్పుడు కెఫీన్ లాగడానికి వాడింది బెంజీన్! అది క్యాన్సర్ కారకమని అప్పుడు ఎవరికి తెలుసు. ఇప్పుడు బెంజీన్ లేదు, వేరే ద్రావకాలు వాడతారు, లేదా ఒట్టి నీళ్లతో తీస్తారు, లేదా బాగా ఒత్తిడి పెట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో. నా నాలుకకి నీళ్లతో తీసినవి, కార్బన్ డయాక్సైడ్‌తో తీసినవి నచ్చాయి. ప్యాకెట్ మీద పద్ధతి రాసి ఉంటే చూసి కొనండి, రాయకపోతే చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. ఇంకోటి, డీకాఫ్ గింజలు మామూలువాటికన్నా తొందరగా వాసన కోల్పోతాయి, నెలల తరబడి డబ్బాలో ఉంచి తర్వాత డీకాఫ్‌ని తిట్టకండి.

నాలుగింటి_గుక్క
డీకాఫ్ గురించి నాకు భయం వేరే. రుచి అదే ఉంటే మళ్లీ అసలుదానిలోకి జారిపోతానేమోనని. సిగరెట్ మానేసినవాడు నోట్లో ఖాళీ సిగరెట్ పెట్టుకు తిరిగినట్టుంటుంది. ఇంకొన్నాళ్లు దాని జోలికి పోను. చికోరీ, బార్లీ చూస్తాను.

రాజీపడని_రాజు
అసలు మానడం ఎందుకో నాకు అర్థం కాదు. పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా మామూలుగా ఇబ్బంది లేదని అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏనే చెబుతోంది. ఆవిడ ఐదారు కప్పులు తాగారు కాబట్టి దడ. మధ్యాహ్నం ఒక్క కప్పు తాగితే...

గడియారం_గుండె
వచ్చాడండీ బ్యాచ్ లీడర్.

వంటింటి_కెమిస్ట్
రాజు గారూ, 400 అన్నది చాలామందికి, అందరికీ కాదు. కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి 95 తాగితే రాత్రి తొమ్మిదికి ఇంకా సగం, తెల్లవారుజామున రెండింటికి పావు వంతు తిరుగుతూనే ఉంటుంది. ఆవిడ రెండింటిదాకా మెలకువగా ఉన్నానన్నారు, లెక్క కుదిరిందా? గర్భిణుల్లో అది ఇంకా చాలా నెమ్మదిగా పోతుంది, పొగ తాగేవాళ్లలో తొందరగా. ఒకరి ఒళ్లు ఇంకొకరికి కొలత కాదు.

రాజీపడని_రాజు
సరే సరే. నేను నా కప్పు తీసుకుని పక్కకెళ్తున్నా. కానీ ఆ తలనొప్పీ అదీ సగం మనసు భ్రమే అంటాను.

చేదుప్రియ
భ్రమ కాదు బాబూ. కెఫీన్ మానేసినప్పుడు వచ్చే లక్షణాలని అమెరికా మానసిక వైద్యులు 2013లో డీఎస్‌ఎం-5 అనే తమ రుగ్మతల పుస్తకంలో రుగ్మతగా చేర్చారు కూడా. చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజుకి కాస్త అటూఇటూగా బాగా ముదురుతుంది, మొత్తం రెండు నుంచి తొమ్మిది రోజులు. మీరు ఒక్కసారి మానేసి చూడండి, మూడో రోజు వచ్చి భ్రమ అనండి, ఒప్పుకుంటాను.

బొగ్గులకుంపటి
ఈ తలనొప్పి మాటకి నా కథ ఒకటి. మానేసిన మొదటి వారం రోజూ తలనొప్పి మాత్ర వేసుకున్నా. భలే తగ్గేది. మాత్ర ఆపితే మళ్లీ వచ్చేది. పదో రోజు అట్ట వెనక్కి తిప్పి చదివితే అందులో ఒక మందు పేరు కెఫీన్! కప్పులో మానేసి మాత్రలో తాగుతున్నానన్నమాట. అన్ని తలనొప్పి మాత్రల్లో ఉండదు, కొన్నింట్లో కలుపుతారు, చూసి కొనుక్కోండి.

నాలుగింటి_గుక్క
😂 నవ్వకూడదు కానీ నవ్వాను.

మూడునెలల_ముచ్చట
నేనూ అలాంటిదే చేశా, యెర్బా మాటే అని ఒక మూలికల టీ. ప్యాకెట్ మీద ఆకులు, ఆ పేరు చూసి కెఫీన్ ఉండదనుకున్నా. హుషారు ఎక్కువై రాత్రి పదకొండింటికి అల్మారాలు సర్దాను. మర్నాడు తెలిసింది, అందులో కెఫీన్ బాగానే ఉందట. గ్వారానాలో కూడా ఉంటుంది. "మూలికల" అన్న మాట చూసి మోసపోవద్దు. గ్రీన్ టీ, వైట్ టీ కూడా టీ మొక్కవే, ఉంటుంది.

ఊరికే_చదివేవాణ్ణి
టీ ఆకుల్ని అర నిమిషం వేడినీళ్లలో ఉంచి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నీళ్లు పోస్తే కెఫీన్ మొత్తం పోతుందని విన్నా. ఇంట్లోనే డీకాఫ్ చేసుకోవచ్చు కదా?

వంటింటి_కెమిస్ట్
పోదు. అర నిమిషంలో దిగేది కొంచెమే, చాలావరకు ఆకులోనే ఉండిపోతుంది. ఆ అర నిమిషంలో పోయేది ముఖ్యంగా వాసన. అంటే కెఫీన్ మిగులుతుంది, టీ పోతుంది.

ఎర్రనీళ్లు
ఇంతమందిలో ఒక్కరూ రూయిబోస్ పేరెత్తలేదేంటి? టీ మానేసినవాళ్లకి అంతకన్నా దగ్గరిది ఇంకోటి లేదు. దక్షిణాఫ్రికాలో కేప్ వైపు కొండల్లో పెరిగే పొద, దాని ఆకులు సూదుల్లా ఉంటాయి. కోసి పులియబెట్టి ఎండబెడతారు, అప్పుడు ఎర్రగా అవుతాయి. కెఫీన్ బొత్తిగా ఉండదు. జనం చేసే తప్పు ఏంటంటే మామూలు టీ లాగా రెండు నిమిషాలు ముంచి తీసేసి "ఏంటి ఇంత నీళ్లగా ఉంది" అంటారు. దీంట్లో వగరుకి కారణమైన టానిన్లు తక్కువ, ఎంతసేపు మరిగినా వగరెక్కదు. నేను అరకప్పు నీళ్లలో రెండు చెంచాల ఆకు వేసి ఏడెనిమిది నిమిషాలు సన్న మంట మీద మరిగించి, అరకప్పు పాలు పోసి, రెండు దంచిన యాలకులు, అల్లం ముక్క వేసి ఇంకో పొంగు రానిస్తా. కళ్లు మూసుకుని తాగితే టీయే.

కెటిల్_మాస్టారు
కళ్లు మూసుకుని తాగాల్సిన టీ నాకొద్దు.

చేదుప్రియ
రూయిబోస్ మంచిదే కానీ వగరు లేకపోవడమే దాని లోటు కూడా. కాస్త తియ్యగా, చెక్క వాసనతో ఉంటుంది. టీ మనుషులకి పనికొస్తుంది, కాఫీ మనుషులకి కాదు. నాలుగింటి_గుక్క గారు ఏ జాతో ముందు తేల్చుకోవాలి.

నాలుగింటి_గుక్క
జాతి సర్టిఫికెట్ అడుగుతున్నారు 😀 కాఫీయే అండీ, నాలుగు కాఫీలు, ఒకటో రెండో టీలు.

గింజలమ్మి
అయితే బార్లీ. మా ఇంట్లో అందరం ఇదే. నూనె లేకుండా మందపాటి మూకుడులో బార్లీ వేసి మధ్యస్థంగా మంట పెట్టి కలుపుతూనే ఉండాలి, పావుగంట పట్టొచ్చు. ముందు చిటపటలాడుతుంది, తర్వాత బంగారు రంగొస్తుంది, అక్కడ ఆపేస్తారు చాలామంది. ఆపకండి. కాఫీ గింజ రంగు వచ్చేదాకా వేయించాలి, పొగ మాత్రం రాకూడదు. చల్లారాక సీసాలో పోసుకోండి. ముప్పావు లీటరు నీళ్లకి రెండు పెద్ద చెంచాలు, పది పదిహేను నిమిషాలు మరిగించి వడగట్టడమే. జపాన్‌లో దీన్ని ముగిచా అంటారు, ఎండాకాలం చల్లగా తాగుతారు, కొరియాలో బోరిచా, చలికి వేడిగా కూడా. చక్కెర వేయకుండా తాగి చూడండి, చివర్లో సన్నటి చేదు తగులుతుంది, దానికే నేను పడిపోయా.

ఒక్కటి, బార్లీలో గ్లూటెన్ ఉంటుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి రాకూడదు.

గడియారం_గుండె
నాకు చికోరీతో గ్యాస్ పట్టుకుంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ మీటింగ్‌లో చాలా ఇబ్బంది పడ్డా.

వంటింటి_కెమిస్ట్
సిగ్గెందుకు, చికోరీ వేరులో ఇనులిన్ అనే పీచు ఉంటుంది, కడుపులో బ్యాక్టీరియా దాన్ని తిని గ్యాస్ చేస్తాయి. అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మొదటిరోజే రెండు కప్పులు తాగితే మీటింగ్ మీ వల్లే అయిపోతుంది.

గడియారం_గుండె
అయిపోయింది కూడా.

ఆరోనెల_అమ్మ
నేను వేరే కారణంతో మానేశా, కడుపుతో ఉన్నా కాబట్టి డాక్టర్ కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు, నేనే పూర్తిగా ఆపేశా. ఇక్కడ అందరూ వేర్లూ మూలికలూ అంటుంటే ఒక మాట చెప్పాలనిపించింది. కడుపుతో ఉన్నవాళ్లు ఏ మూలికల టీ అయినా డాక్టర్‌ని అడిగి తాగండి, సహజమైనది కదా అని తాగేయకండి. నాకు బాగా నచ్చిన ఒక మిశ్రమంలో అతిమధురం ఉందని తర్వాత చూశా, అది నాకు వద్దన్నారు. ఇప్పుడు నా సాయంత్రం కప్పు పాలు, దాల్చినచెక్క, చిటికెడు జాజికాయ. అంతే, బానే ఉంది.

వంటింటి_కెమిస్ట్
అతిమధురం గర్భిణులకే కాదు, బీపీ ఉన్నవాళ్లకి కూడా మంచిది కాదు. రోజూ ఎక్కువగా తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. తీపి కోసం చాలా టీ మిశ్రమాల్లో దీన్ని కలుపుతారు, చక్కెర వేయకుండానే తియ్యగా ఉందంటే పదార్థాల జాబితా చూడండి.

ఉప్పుమనిషి
మీరంతా తీపీ చేదూ అంటున్నారు, నాలుగింటికి కావాల్సింది ఉప్పు. నేను ఆరు నెలలు ఆ టీలన్నీ తాగి విసిగి కూరగాయలు ఉడికించిన నీళ్లు వడగట్టి, ఉప్పు, దంచిన మిరియాలు వేసి కప్పులో పోసుకు తాగడం మొదలుపెట్టా. పుట్టగొడుగులు కూడా వేస్తే ఇంకా చిక్కటి రుచి. కాఫీతో పోలికే రాదు కాబట్టి కాఫీ గుర్తే రాదు. అదే దీని గొప్ప. నకలు తాగుతున్నంతకాలం అసలు గుర్తొస్తూనే ఉంటుంది.

చేదుప్రియ
ఇది ఒప్పుకోను. నేను నాలుగేళ్లుగా చికోరీ తాగుతున్నా, ఇప్పుడది నకలు కాదు, అదే నా పానీయం. ఈమధ్య ఎవరింట్లోనో పొరపాటున అసలు కాఫీ ఒక గుక్క తాగితే "ఇదేంటి పుల్లగా ఉంది" అనిపించింది.

ఉప్పుమనిషి
మీ నాలుక మతం మారింది. నా మాట కొత్తగా మానేసినవాళ్ల గురించి.

నాలుగింటి_గుక్క
నిజానికి ఉప్పుమనిషి గారి మాట నన్ను పట్టుకుంది. ఆఫీసులో ఉన్నరోజు సూప్, ఇంట్లో ఉన్నరోజు బార్లీ అనుకుంటున్నా. ఫ్లాస్క్‌లో పోసుకెళ్లొచ్చు కదా?

ఉప్పుమనిషి
పోసుకెళ్లండి. మూత తెరిచినప్పుడు పక్క సీటువాళ్లు భోజనం అనుకుని తొంగిచూస్తారు, అంతే.

పుల్లపుల్లగా
కోకో ఎవరూ చెప్పలేదు. చక్కెర కలపని కోకో పొడి, చిక్కగా.

మూడునెలల_ముచ్చట
కోకోలో కెఫీన్ ఉంటుందిగా?

పుల్లపుల్లగా
పెద్ద చెంచా పొడికి 12 మిల్లీగ్రాములు అటూఇటూ. సున్నా కావాలంటే వద్దు, దడ లేకపోతే చాలనుకుంటే పర్వాలేదు. అందులో థియోబ్రోమిన్ అని కెఫీన్‌కి చుట్టం ఒకటి ఎక్కువ ఉంటుంది, అది మరీ అంత హుషారు చేయదు. చేదు మరీ ఎక్కువనిపిస్తే చక్కెర పెంచకుండా రెండు ఉప్పు రవ్వలు వేయండి, చేదు మెత్తబడుతుంది.

మండే_కడుపు
నేను మానేసింది ఎసిడిటీ వల్ల. కాఫీ మానేసి రోజూ పుదీనా టీ తాగా, మంట ఇంకా పెరిగింది. పుదీనా అన్నవాహిక కింద ఉండే కండరాన్ని సడలిస్తుందట, కడుపులోది పైకి రావడానికి తలుపు తీసినట్టే. కోకో కూడా నాకు అంతే. ఇప్పుడు పల్చటి అల్లం నీళ్లు, నాలుగు రేకులు పది నిమిషాలు మరిగించి. గొంతులో ఆ ఘాటు దిగుతుంటే ఏదో తాగానన్న తృప్తి ఉంటుంది.

కెటిల్_మాస్టారు
ఏది తాగినా నాలుక కాలేంత వేడిగా తాగితే సగం తృప్తి అక్కడే వచ్చేస్తుంది. రుచి తర్వాతి సంగతి.

వంటింటి_కెమిస్ట్
మాస్టారూ, 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాల వల్ల అన్నవాహిక క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. ఏ పానీయమైనా సరే. ఐదు నిమిషాలు ఆగండి.

ఆవిరిబండి
వేణ్ణీళ్లు కూడానా?

వంటింటి_కెమిస్ట్
అవీనూ.

ఆవిరిబండి
ఇక బతికి ఏం లాభం.

నాలుగింటి_గుక్క
పది రోజుల తర్వాత వచ్చాను, లెక్క అప్పజెప్తా. చికోరీ బాగుంది, రంగు చూస్తేనే ప్రాణం లేచొచ్చింది, కానీ గడియారం_గుండె గారి కష్టం నాకూ వచ్చింది, అర చెంచాకి దిగా. రూయిబోస్ ఉదయం పూట ఖాయం, పాలూ అల్లం వేసి. సూప్ ఆఫీసులో హిట్, ఇప్పుడు ముగ్గురం తాగుతున్నాం.

బార్లీ మాత్రం మూడుసార్లు చేసినా చప్పగానే వచ్చింది. రంగు రాకముందే భయపడి దించేస్తున్నానేమో. నిన్న నాలుగింటికి మూకుడు పొయ్యి మీద పెట్టి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లి మర్చిపోయా. లోపలికొచ్చేసరికి ఇల్లంతా పొగ, గింజలు నల్లగా బొగ్గుల్లా. పారేద్దామనుకుని, ఎందుకో మనసొప్పక అందులో తక్కువ మాడినవి ఏరి మరిగించా. అంతలో మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి "మళ్లీ మొదలుపెట్టావా కాఫీ?" అన్నాడు.

తాగాను. హమ్మయ్య వచ్చింది.

గింజలమ్మి
పొగ రాకూడదని చెప్పానా లేదా? బొగ్గు తాగడం మంచిది కాదమ్మా, ముదురు గోధుమ రంగు దగ్గర ఆపు.

చేదుప్రియ
ఆవిడ చెప్పింది వినండి, కానీ ఫోన్ ఎన్ని నిమిషాలు మాట్లాడారో మాత్రం చూసి చెప్పండి.